ఇడ్లీ పాత్రలో కోడిగుడ్లు: ఆవిరి మీద ఉడికించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం మా ఇంట్లో ముప్పై మందికి కోడిగుడ్డు పులుసు చేయాల్సి వచ్చింది. పెద్ద గిన్నెలో చన్నీళ్లు పోసి, నలభై గుడ్లు వేసి, పొయ్యి మీద పెట్టాను. ఉడికాక పెంకు తీస్తుంటే తెల్లసొన పెళ్లలు పెళ్లలుగా పెంకుతోపాటే ఊడి వచ్చింది. పదిహేను గుడ్లు ఒలిచేసరికి పళ్లెంలో నున్నగా ఉన్నవి నాలుగే. పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న మా అత్తయ్య ఒక గుడ్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చన్నీళ్లలో వేసి కాచావా? ఇడ్లీ పాత్ర పెట్టాల్సింది కదమ్మా" అన్నారు. మరో రెండు డజన్ల గుడ్లు తెప్పించి, ఆవిడ చెప్పినట్టే రెండు వాయిలుగా ఆవిరి మీద ఉడికించాను. ఈసారి పెంకు రెండు మూడు ముక్కలుగా వలువలా ఊడి వచ్చింది. ఆ రోజు తర్వాత మా ఇంట్లో గుడ్లను నీళ్లలో వేసి ఉడికించలేదు.

ఆవిడ చెప్పింది అనుభవం మీద చెప్పిన మాట. అది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి తర్వాత చాలా గుడ్లు ఉడికించాను, నిమిషాలు రాసుకున్నాను, కోసి చూశాను. నాకు అర్థమైనది ఒక్కటే: ఆవిరి మీద గుడ్డు ఉడికించేటప్పుడు గడియారాన్ని నమ్మవచ్చు. నీళ్లలో ఉడికించేటప్పుడు నమ్మలేం. ఇందుకు కొత్త పరికరమేదీ కొనక్కర్లేదు. ఇడ్లీ పాత్ర, ప్రెషర్ కుక్కర్, రైస్ కుక్కర్‌లలో ఏదో ఒకటి మన వంటింట్లో ఉండనే ఉంటుంది.

ఆవిరిలో ఉన్న కిటుకు

చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి మీద పెడితే ఆ నీళ్లు ఎప్పుడు మరుగుతాయన్నది గిన్నె ఎంత పెద్దది, నీళ్లు ఎన్ని, మంట ఎంత, గుడ్లు ఎన్ని అన్న నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. నాలుగు గుడ్లకు ఒక లెక్క, ఇరవై గుడ్లకు ఇంకో లెక్క. అందుకే "పది నిమిషాలు ఉడికించండి" అన్న మాట ఒకరింట్లో నిజమై ఇంకొకరింట్లో అబద్ధమవుతుంది. పోనీ, మరిగే నీళ్లలోనే వేద్దామంటే చల్లటి గుడ్లు పడగానే నీళ్ల వేడి తగ్గిపోతుంది. పైగా గుడ్లు అడుగుకు కొట్టుకుని చిట్లుతాయి.

ఆవిరి అలా కాదు. మూత పెట్టిన పాత్రలో నీళ్లు మరుగుతున్నంతసేపూ ఆవిరి దాదాపు 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మంట పెంచినా ఆవిరి ఎక్కువ వస్తుందే గానీ దాని వేడి పెరగదు. చల్లటి గుడ్డు తగలగానే ఆవిరి పెంకు మీద నీటిబొట్లుగా మారుతుంది. అలా మారేటప్పుడు ఒక్కో గ్రాము ఆవిరి సుమారు 2,260 జౌళ్ల వేడిని గుడ్డుకు అందిస్తుంది. అదే ఒక గ్రాము వేడినీరు ఒక డిగ్రీ చల్లబడితే ఇచ్చేది 4.2 జౌళ్లే. గిన్నె అడుగున పోసిన రెండు గ్లాసుల నీళ్లు డజను గుడ్లను ఉడికించగలగడానికి ఇదే కారణం.

పెంకు సులువుగా రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. గుడ్డు నెమ్మదిగా వేడెక్కితే తెల్లసొన పెంకు లోపలి పొరకు అంటుకుని గట్టిపడుతుంది. ఒక్కసారిగా వేడి తగిలితే బయటి అంచు తొందరగా గట్టిపడి, పొరను వదిలేస్తుంది. కాబట్టి ఈ వ్యాసం మొత్తంలో మరచిపోకూడని నియమం ఒకటే ఉంది. ముందు ఆవిరి రావాలి, తర్వాతే గుడ్డు లోపలికి వెళ్లాలి.

ఏ గుడ్లు తీసుకోవాలి

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. అందువల్ల మన కొట్లలో గుడ్డు దొరకడం కష్టం కాదు, కానీ అది ఎప్పటిదో తెలుసుకోవడం కష్టం. ఉడికించి ఒలవడానికి మరీ తాజా గుడ్డు పనికిరాదు. ఈ మాట చాలామందికి వింతగా ఉంటుంది. అప్పుడే పెట్టిన గుడ్డులో కార్బన్ డయాక్సైడ్ వాయువు ఉంటుంది. అది పెంకులోని సన్నని రంధ్రాల గుండా రోజులు గడిచేకొద్దీ బయటికి పోతుంది. అది పోయేకొద్దీ తెల్లసొనకు క్షార గుణం పెరిగి, పొరను పట్టుకునే బలం తగ్గుతుంది. ఇంట్లో కోళ్లు పెంచుకునేవారు ఉడికించే గుడ్లను వారం రోజులు పక్కన ఉంచి వాడుకోవాలి. తాజా గుడ్లను అట్టుకో పొరటుకో వాడుకోండి.

గుడ్డు వయసు తెలియకపోతే లోతైన గిన్నెలో నీళ్లు పోసి వేయండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది. ఒక కొస పైకి లేచి నిలబడితే కొన్నాళ్లైనది, ఉడికించడానికి భేషైనది. పైకి తేలితే పారేయండి.

మన దగ్గర గుడ్లను కడగకుండానే అమ్ముతారు. ఇంటికి తేగానే కడిగి దాచవద్దు. పెంకు మీద సహజంగా ఉండే సన్నని రక్షణ పూత కడిగితే పోతుంది. ఉడికించే ముందు మాత్రం మురికి పోయేలా కడిగి తుడవండి. రైస్ కుక్కర్‌లో అన్నం పైన పెట్టి ఉడికించేటప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పెంకు మీది నీళ్లు కింద అన్నంలోకి కారతాయి.

చిట్లిన గుడ్డును ఆవిరిలో పెట్టవద్దు. మీ చేతిలోనే ఇప్పుడే చిట్లితే గిన్నెలోకి కొట్టి, చివర చెప్పిన ముక్కల పులుసుకు వాడండి. కొట్టు నుంచే చిట్లి వస్తే అది తినడానికి పనికిరాదు.

ఇడ్లీ పాత్రతో

అన్ని పాత్రల్లోకీ నాకు నచ్చింది ఇదే. గుంటలున్న రేకు గుడ్డు పొర్లకుండా పట్టుకుంటుంది. మూత వదులుగా ఉండి అదనపు ఆవిరిని బయటికి పంపుతుంది.

ఒక్క చిక్కు ఉంది. రేకుకూ రేకుకూ మధ్య ఖాళీ ఇడ్లీకి సరిపడేంతే ఉంటుంది. గుడ్డు అడ్డంగా పడుకున్నా నాలుగు సెంటీమీటర్లకు పైగా మందం ఉంటుంది. అన్ని రేకులూ పెడితే పై రేకు గుడ్లను నొక్కుతుంది. అందుకే ఒక రేకు విడిచి ఒక రేకు బిగించాలి. నాలుగు రేకుల పాత్రలో రెండే వాడాలి. కొన్ని పాత్రలతోపాటు చిల్లుల పళ్లెం కూడా వస్తుంది. అది ఉంటే గుడ్లను దాని మీదే పరవవచ్చు.

1. పాత్రలో అర లీటరు నీళ్లు పోయండి. నీళ్లు కింది రేకును తాకకూడదు. అల్యూమినియం పాత్ర అయితే చిన్న చింతపండు రెబ్బో, పిండేసిన నిమ్మడిప్పో వేయండి, లోపల నల్లబడదు.

2. రేకులు లేకుండానే మూత పెట్టి, పెద్ద మంట మీద నీళ్లు మరగనివ్వండి. మూత అంచుల నుంచి ఆవిరి ధారగా రావాలి. కొద్దిగా పొగలా కనిపించడం చాలదు. మూత కొద్దిగా ఎగిరి టకటకలాడేదాకా ఆగండి.

3. ఈలోగా రేకుల్లో గుడ్లు సర్దండి. ఫ్రిజ్‌లోంచి తీసినవి నేరుగా పెట్టవచ్చు. బయట నిలబెట్టి వేడెక్కించాల్సిన పని లేదు. అన్నీ ఒకే పరిమాణంలో ఉండేలా చూడండి. పెద్దవీ చిన్నవీ కలిస్తే లెక్క తప్పుతుంది.

4. మంట తగ్గించి, మూతను మీకు అవతలి వైపు నుంచి ఎత్తండి. ముందు వచ్చే ఆవిరి అటు పోతుంది. ఆవిరి కాలిన గాయం వేడినీటి గాయం కంటే లోతుగా ఉంటుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. రేకుల కాడను పట్టుకుని నెమ్మదిగా దించి, వెంటనే మూత పెట్టేయండి.

5. మూత పెట్టిన క్షణం నుంచి లెక్క మొదలుపెట్టండి. ఫోనులో టైమర్ పెట్టుకోండి. ఆవిరి మళ్లీ ధారగా రాగానే మంటను మధ్యస్థంగా చేయండి. ఆవిరి ఆగకుండా వస్తే చాలు, పెద్ద మంట గ్యాస్ దండగ.

6. మధ్యలో మూత తీయవద్దు. తీసిన ప్రతిసారీ ఆవిరి పోయి, వేడి తగ్గి, లెక్క చెడుతుంది.

నిమిషాల లెక్క

ఒకటి రెండు నిమిషాల తేడా గురించి ఇంత మాట్లాడటం కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలా అనిపించవచ్చు. కానీ పచ్చసొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలుపెట్టి 70 డిగ్రీలు దాటేసరికి గట్టిపడిపోతుంది. జారుడుకూ ముద్దకూ మధ్య ఉన్నది ఆ అయిదు డిగ్రీలే. తెల్లసొనలోని ముఖ్యమైన ప్రోటీను మాత్రం 80 డిగ్రీలు దాటితే గానీ పూర్తిగా బిగుసుకోదు. అంటే బయటి తెల్లసొన బాగా బిగిసేలోపు లోపలి పచ్చసొన ఎంత వేడెక్కిందన్నదే అసలు లెక్క, దాన్ని నిర్ణయించేది నిమిషాలే.

ఈ అంకెలు ఫ్రిజ్‌లోంచి తీసిన 50 నుంచి 55 గ్రాముల ఫారం గుడ్డుకు. ఆరు నిమిషాలకు తెల్లసొన గట్టిపడి పచ్చసొన ఇంకా జారుతూ ఉంటుంది. ఎనిమిది నిమిషాలకు పచ్చసొన అంచు బిగిసి మధ్యలో పట్టు తేనెలా చిక్కగా ఉంటుంది. ఉత్తిగా ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని తినడానికి నాకు దీని కంటే రుచి ఇంకోటి లేదు. పది నిమిషాలకు అంతా బిగుసుకుని నడిమధ్యలో కాస్త తడి మిగులుతుంది. పన్నెండు నిమిషాలకు పచ్చసొన పొడిపొడిగా రాలుతుంది.

పులుసులోకీ వేపుడులోకీ బిర్యానీలోకీ పది నిమిషాలే సరి. ఆ గుడ్డు మళ్లీ నూనెలోనో పులుసులోనో ఉడుకుతుంది కాబట్టి ఆవిరి మీదే పన్నెండు నిమిషాలు ఉంచితే చివరికి రబ్బరులా సాగుతుంది.

బయట ఉంచిన గుడ్డుకు ఒక నిమిషం తగ్గించండి. నాటు కోడి గుడ్డు చిన్నది, దానికీ ఒక నిమిషం తగ్గించాలి. బాతు గుడ్డు పెద్దది, పెంకు కూడా మందం. పూర్తిగా ఉడకాలంటే పద్నాలుగు పదిహేను నిమిషాలు పడుతుంది. కౌజు పిట్ట గుడ్లకు నాలుగైదు నిమిషాలు చాలు. డజను కంటే ఎక్కువ గుడ్లు ఒకేసారి పెడితే ఆవిరి తేరుకోవడానికి సమయం పడుతుంది, ఒక నిమిషం కలుపుకోండి. ఊరు ఎత్తు మీద ఉంటే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. హైదరాబాద్‌లో సుమారు 98 డిగ్రీలకు, బెంగళూరులో 97 డిగ్రీలకు మరుగుతాయి. విజయవాడలో తొమ్మిదిన్నర నిమిషాలకు వచ్చిన గుడ్డు బెంగళూరులో పది నిమిషాలు దాటితే గానీ రాదు.

అంతా చెప్పినా మీ పాత్రకు మీ లెక్క మీరే కట్టుకోవాలి. మొదటి రోజు నాలుగు గుడ్లు పెట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది నిమిషాలకు ఒక్కోటి పట్టకారుతో తీయండి. ఇక్కడ మాత్రమే మూత తీయడం తప్పదు, చటుక్కున తీసి చటుక్కున మూసేయాలి. నాలుగూ నిలువునా కోసి పక్కపక్కన పెట్టి చూడండి. నచ్చినదాని నిమిషాలు వంటింటి తలుపు వెనక రాసి పెట్టుకోండి. మా ఇంట్లో ఆ కాగితం ఇంకా ఉంది.

గర్భిణులకూ, చిన్నపిల్లలకూ, పెద్దవయసు వారికీ జారుడు పచ్చసొన పెట్టవద్దు. సాల్మొనెల్లా అనే క్రిమి ఉండే అవకాశం ఉంది. వారికి పన్నెండు నిమిషాల గుడ్డే పెట్టండి.

చల్లార్చడం, పెంకు తీయడం

టైమర్ మోగాక పొయ్యి ఆపితే సరిపోదు. పెంకు లోపల వేడి ఇంకా ఉంటుంది, గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది. వెంటనే తీసి చల్లటి నీళ్లలో వేయాలి. ఐసు ముక్కలుంటే మంచిది. మే నెల మధ్యాహ్నం పైన ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు చేతికి కాలేంత వేడిగా ఉంటాయి, అవి పనికిరావు. అలాంటప్పుడు నేను కుండ నీళ్లు వాడతాను. గుడ్లు మునిగేలా పోసి, రెండు నిమిషాల తర్వాత ఆ నీళ్లు పారబోసి మళ్లీ పోస్తాను. మెత్తటి గుడ్డుకు అయిదు నిమిషాలు, గట్టి గుడ్డుకు పది నిమిషాలు నీళ్లలో ఉండాలి.

కొన్ని గుడ్లలో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ చార కనిపిస్తుంది. అది పాడైన గుర్తు కాదు. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోంచి వచ్చే గంధకపు వాయువు కలిసి ఏర్పడిన పదార్థం అది. తినడం వల్ల హాని లేదు గానీ వాసన, రుచి తగ్గుతాయి. ఎక్కువసేపు ఉడికించినా, చల్లార్చకుండా వదిలేసినా ఆ చార వస్తుంది.

పెంకు తీయడంలో చేతికి తెలిసే విద్య ఒకటుంది. గుడ్డును లావు కొస కిందికి వచ్చేలా పట్టుకుని గట్టు మీద ఒకసారి తట్టండి. ఆ కొసలో గాలి గది ఉంటుంది కాబట్టి అక్కడ పెంకుకూ తెల్లసొనకూ మధ్య ఖాళీ దొరుకుతుంది. తర్వాత అరచేతి కింద పెట్టి, చపాతీ పిండి ఉండ చేసినంత తేలిగ్గా ఒకసారి దొర్లించండి. పెంకు అంతా సన్నని చీలికలు పడుతుంది. లావు కొస దగ్గర బొటనవేలి గోరు కాకుండా వేలి కండ దూర్చి, పెంకు కింద ఉన్న తెల్లని పొరను పట్టుకోండి. ఆ పొర చేతికి చిక్కిందా, పెంకు దానికే అంటుకుని వచ్చేస్తుంది. చిక్కలేదా, పెంకు రవ్వలు రవ్వలుగా రాలుతుంది. అప్పుడు గుడ్డును నీళ్ల గిన్నెలో ముంచి ఒలవండి. నీళ్లు పొర కిందికి దూరి సాయం చేస్తాయి.

ఉడికించే నీళ్లలో ఉప్పు, వెనిగర్ వేయమని చాలామంది చెబుతారు. ఆవిరి పద్ధతిలో నీళ్లు గుడ్డును తాకవు కాబట్టి అవి వేయడంలో అర్థం లేదు.

పులుసు కోసమైతే ఒలిచిన గుడ్డుకు నిలువుగా మూడు నాలుగు గాట్లు పెట్టండి. పసుపు వేసిన నూనెలో దొర్లించేటప్పుడు పగలకుండా ఉంటుంది, తర్వాత పులుసు లోపలికి దిగుతుంది.

ప్రెషర్ కుక్కర్

వెయిట్ పెట్టి విజిల్ వేయించడం నేను వద్దంటాను. వెయిట్ పెట్టిన కుక్కర్‌లో ఆవిరి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. తెల్లసొన బిగుసుకుపోతుంది, పచ్చసొన చుట్టూ చార వచ్చేస్తుంది. తొందరపడి వెయిట్ ఎత్తితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి గుడ్లు లోపలే చిట్లుతాయి. పైగా ఎన్ని నిమిషాలు ఉడికిందో మీకు తెలియదు, విజిల్ ఎప్పుడు వస్తుందో కుక్కర్‌కే తెలియాలి.

కుక్కర్‌ను మామూలు గిన్నెగా వాడండి. అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి, చిల్లుల పళ్లెం గానీ పొట్టి స్టాండు మీద చిన్న జల్లెడ గానీ పెట్టండి. నీళ్లు బాగా మరిగాక గుడ్లను పట్టకారుతో పళ్లెం మీద ఉంచి, కుక్కర్ మూతకు బదులు బరువైన పళ్లెం మూసేయండి. కుక్కర్ మూతే పెట్టాలనుకుంటే వెయిట్ తీసేసి పెట్టండి, ఇడ్లీలకు పెట్టినట్టే. బిగించే ఆ అరనిమిషంలో కొంత ఆవిరి పోతుంది కాబట్టి నాకు పళ్లెమే సుఖం. నిమిషాల లెక్క ఇడ్లీ పాత్రలాగే.

స్టాండు లేని ఇళ్లలో మరో దారి ఉంది. ఆవిరి కుడుములకు వాసెన కట్టినట్టు గిన్నె మూతికి తడిగుడ్డ బిగించి కట్టి దాని మీద గుడ్లు పరిచి పైన గిన్నె బోర్లించవచ్చు. మంట అంచులకు ఎగబాకకుండా చూసుకోవాలి. రెండు మూడు గుడ్లకు ఇది హాయిగా పనిచేస్తుంది.

రైస్ కుక్కర్

హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే పిల్లలకు, విదేశాల్లో ఒంటరిగా చదువుకునేవారికి ఇది వరం. అన్నమూ గుడ్డూ ఒకే కరెంటుతో అయిపోతాయి. చాలా రైస్ కుక్కర్లతో పైన పెట్టుకునే చిల్లుల గిన్నె వస్తుంది.

బియ్యం కడిగి నీళ్లు పోసి మీట నొక్కండి. మూత కింద ఆవిరి గట్టిగా వచ్చి, అన్నం కుతకుతలాడేటప్పుడు మూత తీసి, కడిగిన గుడ్లున్న చిల్లుల గిన్నె పెట్టి మూసేయండి. అక్కడి నుంచి పది నిమిషాలకు గుడ్లు తీసి నీళ్లలో వేయండి. అన్నం తన పని తాను పూర్తి చేసుకుంటుంది. గుడ్లను అక్కడే వదిలేసి అన్నం అయ్యాక తీద్దామనుకోవద్దు. రైస్ కుక్కర్ అడుగున నీళ్లన్నీ అయిపోయి వేడి 100 డిగ్రీలు దాటినప్పుడే మీట పైకి లేస్తుంది, తర్వాత కూడా వెచ్చగా ఉంచుతూనే ఉంటుంది. గుడ్డు ఆ వెచ్చదనంలో ఉడుకుతూనే ఉంటుంది.

అన్నం అక్కర్లేనప్పుడు గ్లాసున్నర నీళ్లు మాత్రం పోసి పెట్టవచ్చు. నీళ్లు మిగిలి ఉండగా మీట దానంతట అది లేవదు, టైమర్ చూసుకుని మీరే ఆపాలి.

ఎగ్ బాయిలర్

కరెంటు మీద నడిచే ఈ చిన్న పరికరం చేసేదీ ఆవిరి పనే. వేడెక్కే పళ్లెం మీద కొలత గ్లాసుతో నీళ్లు పోస్తాం, నీళ్లు అయిపోగానే అది ఆగిపోతుంది. ఇందులో ఒక వింత ఉంది. గ్లాసు మీద గీతలు గమనిస్తే ఎక్కువ గుడ్లకు తక్కువ నీళ్లు పోయమని ఉంటుంది. అచ్చు తప్పు కాదు. చల్లటి గుడ్లను తాకిన ఆవిరి నీరై మళ్లీ వేడి పళ్లెం మీదికే కారుతుంది. గుడ్లు ఎక్కువైతే కారే నీళ్లూ ఎక్కువే, కాబట్టి అవే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి.

గ్లాసు అడుగున ఉండే సూదితో గుడ్డు లావు కొసకు చిన్న రంధ్రం చేయమంటారు. గాలి గదిలోని గాలి వ్యాకోచించి బయటికి పోయే దారి అది. పిల్లలకు ఆ గ్లాసు అందనివ్వకండి. బోరు నీళ్లు వాడితే పళ్లెం మీద తెల్లని పొర కడుతుంది. కాస్త నిమ్మరసం కలిపిన నీళ్లు పోసి పావుగంట నాననిచ్చి, ప్లగ్ తీసి ఉన్నప్పుడే మెత్తటి గుడ్డతో తుడవండి.

మైక్రోవేవ్ విషయంలో ఒక్క మాట

పెంకుతో ఉన్న గుడ్డును మైక్రోవేవ్‌లో పెట్టకండి, నీళ్లలో ముంచి కూడా పెట్టకండి. లోపల పుట్టిన ఆవిరికి బయటికి దారి ఉండదు, గుడ్డు పేలుతుంది. ఒలిచిన ఉడికించిన గుడ్డును వేడి చేసినా అదే ప్రమాదం. పెట్టెలో పేలకపోయినా పంటి కింద పేలవచ్చు. నోరు కాలుతుంది. మిగిలిన గుడ్లను వేడి చేయాలంటే ఆవిరి మీద రెండు మూడు నిమిషాలు పెట్టండి.

పెంకు లేకుండా ఆవిరి మీద

అసలు ఆనందం నాకు ఇక్కడే ఉంది. గుడ్డు ఇడ్లీతో మొదలుపెట్టండి. ఇడ్లీ గుంటలకు నూనె రాసి, ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు కొట్టండి. ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన కొత్తిమీర చల్లండి. ఆవిరి వస్తున్న పాత్రలో అయిదారు నిమిషాలు ఉంచితే పచ్చసొన మెత్తగా, ఎనిమిది నిమిషాలకు గట్టిగా వస్తుంది. గుంటకు చిల్లులుంటే ముందుగా చిన్న అరటాకు ముక్క పరచండి.

రెండోది ఆవిరి ముక్కల పులుసు. నాలుగు గుడ్లు కొట్టి, నాలుగు చెంచాల పాలు, ఉప్పు, పసుపు, చిటికెడు కారం, సన్నని ఉల్లి తరుగు కలపండి. నూనె రాసిన స్టీలు గిన్నెలో రెండు సెంటీమీటర్ల మందం వచ్చేలా పోసి, పైన పళ్లెం మూసి, ఆవిరి మీద పదిహేను నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాక చాకుతో అంచులు వదిలించి, బోర్లించి, ముక్కలు కోయండి. మరుగుతున్న చింతపండు పులుసులో చివరి అయిదు నిమిషాలు వేయండి. ఈ ముక్కల్లో సన్నని రంధ్రాలు పడటం మంచిదే, పులుసంతా వాటిలోకి దిగుతుంది. గుడ్డు ఒలిచే పనే లేదు కాబట్టి నలుగురొచ్చిన రోజు నేను ఇదే చేస్తాను.

మూడోది జున్నులాంటి మెత్తని గుడ్డు. జపాన్‌లో చవాన్‌ముషి అంటారు. చవాన్ అంటే టీ గిన్నె, ముషి అంటే ఆవిరి మీద ఉడికినది. చైనాలోనూ కొరియాలోనూ ఇలాంటివే ఉన్నాయి. జున్ను పాలను కుక్కర్‌లో పెట్టి ఆవిరి మీద తోడు పెట్టే మన చేతులకు ఇది కొత్త విద్య కాదు. అక్కడ ఒక వంతు గుడ్డుకు మూడు వంతుల చేపల, సముద్రపు నాచు రసం కలుపుతారు. మనింట్లో ఒక వంతు గుడ్డుకు రెండు వంతుల గోరువెచ్చని కూరగాయల కట్టు గానీ కోడి సూపు గానీ కలిపితే చాలు. రెండు గుడ్లకు సుమారు 200 మిల్లీలీటర్లు.

ఇక్కడ పద్ధతి ముందు చెప్పినదానికి పూర్తిగా భిన్నం. నురగ రాకుండా గరిటెతో నెమ్మదిగా కలపాలి, టీ వడకట్టే జల్లెడతో వడకట్టాలి, పైన తేలిన బుడగలను చెంచాతో తీసేయాలి. చిన్న గిన్నెల్లో పోసి, ఒక్కోదాని మీద మూత పెట్టాలి. లేకపోతే పై నుంచి బొట్లు పడి గుంటలు పడతాయి. పాత్ర మూతకు లోపలి వైపు పొడి గుడ్డ కట్టడం ఇంకా మంచిది. మంట సన్నగా పెట్టి, పాత్ర మూత కింద పుల్ల అడ్డం పెట్టి కొద్దిగా తెరిచి ఉంచండి. లోపలి వేడి 90 డిగ్రీలు దాటకుండా ఉండటం కావాలి. పూర్తి ఆవిరిలో పెడితే లోపలి నీళ్లు మరిగి తేనెపట్టులా రంధ్రాలు పడి, నీరు విడిచిపోతుంది. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలకు గిన్నెను కొద్దిగా కదిపి చూడండి. అంచు నిలబడి, మధ్యభాగం జున్నులా వణకాలి. నీళ్లలా కదిలితే ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. పైన నాలుగు చుక్కల నెయ్యి, జీలకర్ర పొడి వేసి వేడిగా ఉండగానే చెంచాతో తినాలి. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్లకు ఇది పెట్టి చూడండి.

నిల్వ

ఉడికించిన గుడ్లను ఒలవకుండానే ఫ్రిజ్‌లో వారం దాకా ఉంచవచ్చు. ఒలిచినవి ఆ రోజే తినేయాలి. బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు, ఎండాకాలంలో అంతసేపు కూడా వద్దు. ఆవిరి మీద చేసిన జున్నులాంటి గుడ్డు నిల్వకు పనికిరాదు. పచ్చి గుడ్లూ ఉడికినవీ ఒకే అరలో కలిసిపోతే ఒక గుడ్డును గట్టు మీద పడుకోబెట్టి గిర్రున తిప్పి, వేలితో ఒక్క క్షణం ఆపి వదలండి. ఉడికినదైతే అక్కడే ఆగిపోతుంది. పచ్చిదైతే లోపలి సొన ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి వేలు తీయగానే మళ్లీ కదులుతుంది. నేను మాత్రం ఉడికిన వాటి మీద పెన్సిల్‌తో తేదీ రాసి పెడతాను.